నోరు జారిన తరువాత ఏమి చేయాలి?



కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు చెబుతుంటారు. ఈ మాట నాకు చిన్నప్పటి నుండి తెలుసు. దాని బరువు మాత్రం నర్సునైన తరువాతే తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, ఎవరికైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అప్పుడు నేను మరొక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. మన రాష్ట్రంలో 108 వాహనాలు 2005లో మొదలయ్యాయి. ఇది అంతకు ముందు మాట. ఒక రాత్రి రెండవ కాన్పుకు నొప్పులతో ఒక తల్లిని ట్రాక్టరులో తీసుకొని వచ్చారు. ఆమె చేతిలో ఒక్క చీటీ కూడా లేదు. గర్భవతిగా ఉండి ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఇద్దరమే ఉన్నాము. నేను అలసిపోయి ఉన్నాను. "ఇన్ని నెలలు ఏం చేస్తున్నావు? గొడ్డుకైనా నీకంటే తెలివి ఉంటుంది" అని వార్డులో అందరూ వినేలా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆమె ఏం చేస్తూ ఉండిందో తరువాత తెలిసింది. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల నుండి వేలమంది లాగానే ఆమె కూడా సుగ్గికి వెళ్లింది. గుంటూరు వైపు మిరప చేలల్లో కాయలు కోసి, నెలలు నిండిన తరువాత ఇంటికి వచ్చింది. నేను అడిగి ఉంటే చెప్పేది. నేను అడగలేదు, తిట్టాను.

రెండేళ్లకు ఆమె మూడవ కాన్పు ఇంట్లోనే జరిగింది. రక్తస్రావం ఆగక, స్పృహ తప్పుతున్న స్థితిలో మా దగ్గరకే తెచ్చారు. సెలైన్లు పెట్టి, రక్తం ఎక్కించి, దేవుని దయవలన బ్రతికించుకున్నాము. "ముందే ఎందుకు తేలేదవ్వా?" అని వాళ్ల అత్తను అడిగాను. "ఆ సిస్టరమ్మ మళ్లీ తిడుతుంది, నేను రాను అనిందమ్మా" అన్నది. ఆ సిస్టరమ్మను నేనే. ఆ సంగతి ఆ అవ్వకు తెలియదు.

మాట శరీరానికి ఏమి చేస్తుంది?

భయం, అవమానం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది. నొప్పులు పడుతున్న తల్లికి గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలి. భయం దాని పనికి అడ్డుపడి, కాన్పు నెమ్మదించే అవకాశం ఉంది. కాన్పు సమయంలో తల్లులను తిట్టడం, అవమానించడం వలన వారు ఆసుపత్రులకు రావడం మానేస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక ప్రకటనలో హెచ్చరించింది. మన దేశంలో 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం కూడా లేబర్ రూములో తల్లిని గౌరవంగా చూడాలని చెబుతుంది. ఇళ్లలోనూ అంతే. అత్త మాటకు కోడలు అన్నం మానేస్తుంది. తండ్రి మాటకు కొడుకు ఇల్లు వదిలిపోతాడు.

యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో నాలుకను చిన్న నిప్పుతో పోల్చాడు. ఆదోని పత్తి మిల్లులు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. ఒక్క బీడీ ముక్క చాలు, బేళ్లన్నీ కాలిపోతాయి.

క్షమాపణ ఎలా అడగాలి?

1. ముందుగా ఆ మనిషి దగ్గరకు వెళ్లండి. నేను మొదట ప్రార్థన చేసి దేవుని క్షమాపణ అడిగాను. అంతటితో సరిపోయిందనుకున్నాను. కాని మత్తయి సువార్త 5వ అధ్యాయము 23, 24 వచనములలో ప్రభువు అర్పణను బలిపీఠము దగ్గరే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని చెప్పాడు.

2. అన్న మాటను ఒప్పుకోండి. "ఏదైనా తప్పుంటే క్షమించు" అంటే అది క్షమాపణ కాదు. "నేను నిన్ను గొడ్డుతో పోల్చాను, అది తప్పు" అని చెప్పాలి.

3. సాకులు చెప్పకండి. నేను మొదట "నీ మంచికే అన్నానమ్మా" అన్నాను. ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది. మరునాడు వెళ్లి ఆ మాట లేకుండా అడిగాను.

4. నలుగురిలో అవమానిస్తే నలుగురిలో ఒప్పుకోవడం న్యాయం. అయితే అది ఆమెకు ఇష్టమేనా అని ముందు అడగండి.

5. క్షమించమని ఒత్తిడి చేయకండి. నొచ్చుకున్న సహోదరుని గెలుచుకోవడం బలమైన పట్టణాన్ని పట్టుకోవడం కంటే కష్టమని సామెతలు 18వ అధ్యాయము చెబుతుంది. కొండల మీద ఆదోని కోటను చూసినప్పుడల్లా నాకు ఈ వచనమే గుర్తుకు వస్తుంది.

6. నడత మార్చుకోండి. జక్కయ్య నోటితో చెప్పి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఒక హెచ్చరిక. క్షమించడమంటే ఇంట్లో రోజూ జరిగే తిట్లను, దెబ్బలను మౌనంగా భరించడం కాదు. అటువంటి తల్లులు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. చేసిన తప్పు మనసును తొలుస్తూ నిద్ర పట్టనివారు, బ్రతకడమే వద్దనిపించేవారు 14416 టెలిమానస్‌కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆమె నన్ను క్షమించానని అనలేదు. "బిడ్డను చూడండి సిస్టరమ్మా, పాలు తాగుతా లేడు" అని మాత్రం అన్నది. బిడ్డను ఎత్తుకొని, ఆమె పక్కన కూర్చొని పాలు పట్టించాను. ఏడాది తరువాత మూడవ నెల గర్భిణి ఒకామె ఓ.పి.కి వచ్చి, "మా తోటికోడలు మీ దగ్గరకే పొమ్మనింది" అన్నది. ఆ రోజు నేను పక్క గదిలోకి వెళ్లి దేవునికి కృతజ్ఞతలు చెల్లించాను.

పేతురు మూడుసార్లు ప్రభువును ఎరుగనని బొంకాడు. అదే నోటితో తిబెరియ సముద్రతీరమున మూడుసార్లు తన ప్రేమను ఒప్పుకున్నాడు. జారిన నోటిని ప్రభువు మళ్లీ వాడుకోగలడు. ఇది చదువుతుండగా మీకు ఎవరి ముఖమైనా గుర్తుకు వస్తే, ఆలస్యం చేయక ఈ వారమే వారి దగ్గరకు వెళ్లండి.

దేవుడు మిమ్మును దీవించి, మీ నోటికి కావలి ఉంచును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్