తాళంచెవి దాచుకుందాం, లెక్క తెలియజేద్దాం

కొన్ని నెలల క్రితం అస్ర్ నమాజు ముగిశాక మదరసా వరండాలో కూర్చొని ఉండగా షాలిబండ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ఆమె కుమారుడు జెద్దాలో పనిచేస్తూ నెలనెలా ఇంటిఖర్చుకు డబ్బు పంపుతుంటాడు. ఆ నెల సొమ్ము వచ్చిందో లేదో చూడమని తన ఫోను నా చేతికిచ్చారు. నేను అడగకముందే “మౌలానా సాబ్, నంబరు ఇదీ” అంటూ రహస్య సంఖ్యను బిగ్గరగా చెప్పేశారు. చుట్టూ పదిమంది పిల్లలున్నారు. ఫోను కవరు లోపల అదే సంఖ్య రాసిన చీటీ కూడా ఉంది. “మీ ఇంట్లో మొత్తం ఎన్ని ఖాతాలున్నాయమ్మా?” అని అడిగితే మాత్రం, “అదంతా మా అబ్బాయికే తెలియాలి” అన్నారు.

ఆమెకు హితబోధ చేయబోయి ఆగిపోయాను. నా సంగతి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. నా బ్యాంకు పాస్‌వర్డు జేబు డైరీ చివరి పుటలో, ఖాతా సంఖ్య పక్కనే రాసి ఉంది. ఆ డైరీని తరగతి గదిలో ఎన్నిసార్లు మరచిపోయానో లెక్కలేదు. ఇక ఒక విద్యార్థి మేనమామ, చెల్లెలి పెళ్లి కోసమని నా వద్ద ఉంచిన నలభై వేల రూపాయల అమానతు నా ఖాతాలోనే ఉంది. ఆ సంగతి నా భార్యకు సైతం తెలియదు. ఆ రాత్రే నాకు మరణం సంభవిస్తే, పరుల సొమ్ము నా వారసత్వంలో కలిసిపోయి నా పిల్లలకు పంపకమయ్యేది.

ఆలోచిస్తే మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇదే. దాచవలసిన తాళంచెవిని నలుగురికీ చూపుతున్నాం. చెప్పవలసిన లెక్కను అందరికీ దాస్తున్నాం. పాస్‌వర్డు రహస్యం. ఖాతాల వివరం కుటుంబానికి అందవలసిన సమాచారం. ఈ రెండింటినీ వేరుచేస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

దైవప్రవక్త (స) మక్కాను వీడి మదీనాకు వలస వెళ్లే వేళ, ప్రజలు తమ వద్ద దాచుకున్న సొమ్ములను ఎవరివి వారికి అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజి) గారికి ఒప్పజెప్పారు. ప్రాణాపాయం పొంచి ఉన్న ఆ ఘడియలో సైతం ఏది ఎవరిదన్న లెక్క చెదరలేదు.

ముందుగా తాళంచెవి విషయం చూద్దాం. అజాగ్రత్త అమాయకులకే పరిమితమైనది కాదు. 2022 జనవరిలో మన హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు వ్యవస్థలోకి దొంగలు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. సిబ్బందికి వచ్చిన మోసపూరిత ఈమెయిళ్ల ద్వారా వారు లోపలికి ప్రవేశించారని పోలీసు దర్యాప్తులో తేలింది. విశేషాధికారాలు గల వినియోగదారులు పదిమంది ఉండగా, వారిలో కొందరి పాస్‌వర్డులు ఒకటేనన్న సంగతి కూడా బయటపడింది. ఒకే తాళంచెవితో పలు గదులు తెరుచుకునే ఇల్లు ఎంత భద్రమో ఊహించవచ్చు.

కనుక బ్యాంకు పాస్‌వర్డును మరెక్కడా వాడరాదు. పుట్టినతేదీ, నికాహ్ సంవత్సరం, పిల్లల పేర్లు పనికిరావు. పరస్పర సంబంధం లేని మూడు నాలుగు మాటలను కలిపితే పొడవైన, గుర్తుండే పాస్‌వర్డు తయారవుతుంది. సుర్మా, నిచ్చెన, గడియారం, చింతపండు అన్నట్లుగా మీకు తోచిన మాటలను ఎంచుకొని ఆంగ్ల అక్షరాలలో రాసి, బ్యాంకు కోరిన అంకెలు, గుర్తులు చేర్చండి. ఇక్కడ అచ్చయిన మాటలను మాత్రం వాడకండి.

ఎక్కడ దాచాలి? ఏటీఎం పిన్, యూపీఐ పిన్ మనసులోనే ఉండాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. అడిగినవాడు మోసగాడేనని గ్రహించాలి. మిగిలిన పాస్‌వర్డులకు రెండు మార్గాలున్నాయి. ఫోను వాడకం బాగా తెలిసినవారు బిట్‌వార్డెన్, కీపాస్ వంటి ఉచిత పాస్‌వర్డు మేనేజర్లను వాడవచ్చు. ఒక్క ప్రధాన పాస్‌వర్డు గుర్తుంచుకుంటే మిగతావన్నీ గూఢలిపిలో భద్రంగా ఉంటాయి. అలవాటు లేనివారికి కాగితం పుస్తకమే మేలు. దూరదేశపు దొంగ బీరువాలోని కాగితాన్ని చదవలేడు. అయితే అందులో బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య రాయరాదు. పాస్‌వర్డులో ఒక మాటను రాయకుండా మనసులో ఉంచుకుంటే, పుస్తకం పరుల చేతికి చిక్కినా ప్రయోజనం ఉండదు. ఫోనులో ఫోటోగానో, వాట్సాప్ సందేశంగానో, కాంటాక్టుల జాబితాలోనో దాచడం మాత్రం తలుపుకే తాళంచెవి వేలాడదీయడం.

నమ్మకస్థుడే కదా అని దుకాణం కుర్రవాడికి చెప్పడమూ తగదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీచేసిన నిబంధనల ప్రకారం, ఖాతాదారుని తప్పు లేకుండా మూడో వ్యక్తి వల్ల నష్టం జరిగినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలిపితే ఆ భారం ఖాతాదారునిపై పడదు. రహస్యాన్ని తానే ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టమంతా అతనిదే. మోసం జరిగిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు, 1930 సంఖ్యకు ఫోను చేయాలి.

ఇక లెక్క విషయం. ఒక కాగితంపై ఏయే బ్యాంకులో, ఏ శాఖలో ఖాతా ఉంది, నామినీ ఎవరు, ఎవరికి ఎంత బాకీ ఉన్నాం, మనకు ఎవరు బాకీ, ఎవరి అమానతు మన వద్ద ఉంది, చెల్లించవలసిన జకాత్ ఎంత అన్నవి రాసి సంతకం చేయాలి. పాస్‌వర్డు రాయనక్కరలేదు. ఆ కాగితం ఎక్కడుందో జీవిత భాగస్వామికి, మరో బాధ్యత గలవారికి తెలియాలి. వసియ్యత్ రాయవలసినది ఉన్నవాడు రెండు రాత్రులు కూడా దానిని రాయకుండా గడపరాదన్న ప్రవక్త (స) హితవు మనకు తెలిసినదే.

పాస్‌వర్డు మనతోనే పోయినా వారసులకు నష్టం లేదు. మృతుని పాస్‌వర్డుతో డబ్బు తీయడం అసలే సరికాదు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసియ్యత్ తీరాకే వారసుల వాటాలు. మరణవార్త తెలిపితే బ్యాంకు నామినీకి సొమ్ము అప్పగిస్తుంది. నామినీ దానికి యజమాని కాడు, వారసుల తరఫున అందుకునేవాడు మాత్రమే. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది. జబ్బుపడినప్పుడు ఇబ్బంది రాకూడదనుకుంటే, ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల ఉమ్మడి ఖాతా ఉంది.

లెక్క తెలియకపోతే మాత్రం నష్టం నిజం. పదేళ్లపాటు కదలిక లేని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి తరలిపోతుంది. వారసులు దానిని తిరిగి కోరవచ్చు. అలాంటి సొమ్మును వెతకడానికి 2023 ఆగస్టులో ‘ఉద్గమ్’ వెబ్‌సైటు కూడా ప్రారంభమైంది. కానీ ఆ సొమ్ము ఉందన్న సంగతే తెలియనివారు వెతికేదెలా?

మరునాడు ఇషా తర్వాత ఆ పెద్దావిడ మళ్లీ వచ్చారు. జెద్దాలోని కుమారునితో ఫోనులో మాట్లాడించాను. ఆమె ఒక మూలకు వెళ్లి, నాకూ చూపకుండా కొత్త సంఖ్య పెట్టుకున్నారు. చీటీ చించేశారు. కుమారుడు చెబుతుండగా ఖాతాల వివరాలు ఆమె మనవరాలు రాసుకుంది. వారికి తెలియని ఖాతా ఒకటి అందులో ఉంది. నేనూ ఇంటికి వెళ్లి డైరీలోని ఆ పుట చించి, నలభై వేల అమానతు సంగతి రాసి నా భార్య చేతికిచ్చాను.

మన వద్దనున్న ప్రతి అమానతును దాని హక్కుదారులకు చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.