ఉల్క పైకి ఎక్కుతుందా?

కొత్త నటుడు ఒక్క చిత్రంతో పేరు తెచ్చుకున్నా, నిన్నటి గుమాస్తా నేడు కంపెనీకి యజమాని అయినా ఇంగ్లీషు పత్రికలవారికి సిద్ధంగా ఒక విశేషణమున్నది: 'మీటియోరిక్'. అంటే ఉల్కవలె పైకి వచ్చాడట! ఉల్కలు రాలడమే గాని ఎక్కడం ఎవరు చూశారు?

ఆ మధ్య ఒక సన్మానసభలో వక్తగారు ఈ మాటను తెనిగించి, వయొలిన్ వాయించిన కుర్రవాణ్ణి "ఉల్కలా వచ్చాడు" అని మెచ్చుకున్నారు. నా పక్కనున్న పెద్దావిడ, "అదేం మాట నాయనా, పచ్చగా ఎదిగే పిల్లవాణ్ణి పట్టుకుని!" అని నొచ్చుకున్నది. వింత లేదు. ఉల్కాపాతం మనకు ఉత్పాతం. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కలకు ఒక అధ్యాయమే కేటాయించాడు.

అట్లాగని ఇంగ్లీషువారిని వెక్కిరించనక్కరలేదు. ఈ మాటకు మూలమైన గ్రీకు పదానికి 'పైన, ఆకాశాన ఉన్నది' అని అర్థం. అరిస్టాటిల్ లెక్కలో వాన, గాలి, రాలే చుక్క అన్నీ ఒక్క శాస్త్రంలోవే. వాతావరణ శాస్త్రానికి 'మీటియరాలజీ' అనే పేరు అందుకే నిలిచింది. 1833 నవంబరులో అమెరికాలో ఉల్కలు వానలా కురిసిన తరువాతగాని, అవి భూమి వెలుపలినుంచి వస్తాయన్న సంగతి పండితులకు గట్టిగా పట్టుబడలేదు.

మనం చూసే ఉల్కల్లో చాలా భాగం ఇసుకరేణువులంతటివే. సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున భగ్గుమని, రెప్పపాటులో ఆరిపోతాయి. ఇంగ్లీషు విశేషణం వేగాన్నీ వెలుగునూ తీసుకుని, దిక్కును వదిలేసింది. పూర్వం ఆ మాటలో 'ఇట్టే మెరిసి ఇట్టే మాయమయ్యే' అన్న అర్థం కూడా ఉండేది. ఇప్పుడు పొగిడేవారు దానినీ మరిచారు.

నాకు అసలు పేచీ దిక్కుతో కాదు, కాలంతో. ఆ కుర్రవాడు ఎనిమిదో ఏటనుంచి తెల్లవారుజామున లేచి సాధన చేశాడు. నిద్రమాని పక్కన కూర్చున్నది వాళ్ళమ్మ. పన్నెండేళ్ళ కష్టాన్ని ఒక్క విశేషణం రెప్పపాటు చేసేసింది.

తారాజువ్వ అందామా? అది పైకి పోతుంది నిజమే, కాని అదీ ఆరేదే. మన పెద్దలు మాత్రం 'మూడు పువ్వులు, ఆరు కాయలుగా' ఎదగమని దీవించారు. చెట్టు ఒక్క రాత్రిలో ఎదగదు. అందుకే ఆ దీవెనలో వేరూ ఉన్నది, నీరు పోసిన చెయ్యీ ఉన్నది.