రెండుగా కనిపించే నాణెం

సూరత్ సమీపంలోని కడోదరా కూడలిలో, టీ దుకాణపు బల్లమీద, ఒక రూపాయి నాణేన్ని నా ముందుంచాడు ఒక మరమగ్గాల కార్మికుడు. కరీంనగర్ ప్రాంతం నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చినవాడు. నాణెంపై సంవత్సరపు అంకెల ప్రక్కనే మరొక అంకెల వరుస నీడవలె కనిపిస్తున్నది.

"సార్, గిది రెండు లక్షలకు పోతదంటున్రు, నిజమేనా?" అని అడిగాడు. కొంటామన్నవారు ముందుగా మూడువేల రూపాయల రుసుము కట్టమన్నారట. అది అతడు ఆ నెల ఇంటికి పంపవలసిన సొమ్ము.

ఈ ఆశకు మూలం లేకపోలేదు. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక సెంటు నాణెపు అచ్చు లోపభూయిష్టంగా తయారైంది. ఆ అచ్చు నుండి వెలువడిన నాణేలు 20,000కు పైగా చెలామణిలోకి పోయాయి. సిగరెట్ పెట్టెలతోపాటు తిరిగివచ్చే చిల్లరలో పలువురికి దొరికాయి. వాటిపై సంవత్సరమూ అక్షరాలూ స్పష్టంగా రెండేసి ఉంటాయి. వాటికి నేటికీ పెద్ద ధర పలుకుతున్నది.

లోపం ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఉబ్బెత్తు బొమ్మగల మూలముద్రను మెత్తని ఉక్కు దిమ్మెపై అదిమి అచ్చును తయారుచేస్తారు. పూర్వం ఒక్క అదుముతో బొమ్మ పూర్తిగా దిగేది కాదు. దిమ్మెను కాల్చి మెత్తబరచి, మరల అదిమేవారు. రెండవమారు అది కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే అచ్చులోనే రెండు బొమ్మలు నిలిచిపోతాయి. దానినుండి పుట్టే ప్రతి నాణెమూ ఆ లోపాన్ని ఒకే రీతిగా మోస్తుంది.

కడోదరా చీరల అద్దకం మిల్లులవారికి ఇది సులభంగా బోధపడుతుంది. స్క్రీనులోనే పువ్వు రెండుమార్లు పడితే గుడ్డ పొడవునా రెండు పువ్వులే. గుడ్డ జారితే మాత్రం చెడేది ఆ ఒక్క ముక్కే.

అసలైన జంట ముద్రలో రెండవ బొమ్మ కూడ మొదటిదానివలెనే ఉబ్బెత్తుగా, గుండ్రని అంచులతో ఉంటుంది. అక్షరం మొత్తంమీద వెడల్పవుతుంది. మూలలలో చిన్న చీలిక కనబడుతుంది. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం చాలు.

సాధారణంగా మనల్ని మోసగించేది యంత్రపు కదలిక. వదులైన అచ్చు, దెబ్బ వేసిన వెంటనే కదలి, అప్పుడే లేచిన అక్షరపు అంచును చెక్కివేస్తుంది. ఫలితంగా ఏర్పడే రెండవ రేఖ చదునుగా, మెట్టువలె, నాణెపు తలానికి దగ్గరగా ఉంటుంది. అక్షరం వెడల్పు కాకపోగా సన్నబడుతుంది. ఇక అరిగిన అచ్చు సంగతి వేరు: అక్షరాలు ఉబ్బి, అంచులు కరిగినట్లు మసకబారుతాయి. ఈ రెంటికీ విలువ దాదాపు లేదనే చెప్పాలి.

ప్రసంగవశాత్తు ఒక మాట. సూరత్‌లోనే మొగలుల టంకశాల ఉండేది. ఆనాటి రూపాయిలు సుత్తిదెబ్బతో ముద్రించినవి. బిళ్ళ రెండు దెబ్బల నడుమ జారితే వాటిమీదా అక్షరాలు రెట్టిస్తాయి. కాని మొదటి దెబ్బ గుర్తులను రెండవ దెబ్బ నలిపివేస్తుంది. ఏ రెండు నాణేలపైనా ఆ జారుడు ఒక్కటిగా ఉండదు. పాత రూపాయిలకు విలువ వాటి అరుదుతనం వల్ల, నాణ్యత వల్ల వచ్చేదేగాని ఆ జారుడువల్ల కాదు.

రుసుము విషయం మరింత స్పష్టం. పాత నాణేల కొనుగోలు, అమ్మకాలలో తాను పాల్గొననని, ఎవరికీ రుసుము వసూలుచేసే అధికారం ఇవ్వలేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

నా చేతిసంచిలోని భూతద్దం అతడికిచ్చాను. చాలాసేపు చూశాడు. రెండవ అంకెల వరుస చదునుగా ఉన్నది. అసలు అంకెలు ఒక ప్రక్క కోసుకుపోయి సన్నబడినవి.

"చెక్కేసినట్టే ఉంది సార్" అన్నాడు తానే. తరువాత ఫోనులోని ఆ నంబరు తుడిచివేశాడు. లేచి వెళ్ళేటప్పుడు ఆ రూపాయిని కూడా కలిపి టీ డబ్బులిచ్చాడు.