మూడేళ్ల వయసు, ఒకే ఒక్క పరుగు

ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డౌన్స్ మీద జరిగే డర్బీని ఏ గుర్రమూ రెండుసార్లు గెలవలేదు. గెలిచే వీలే లేదు. మూడేళ్ల గుర్రాలకే అందులో ప్రవేశం. ఏడాది తిరిగేసరికి వాటికి నాలుగేళ్లు. పైగా అక్కడి మేలుజాతి రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1తోనే వయసు లెక్క. ఫిబ్రవరిలో పుట్టినదీ మే నెలలో పుట్టినదీ ఒకే ఈడువి. ఆ ఈడులో మూడు నెలల ఎదుగుదల తక్కువేం కాదు.

అందుకే మోసమూ వయసు దగ్గరే జరిగింది. 1844లో ముందొచ్చిన రన్నింగ్ రీన్ నిజానికి మకాబియస్ అనే నాలుగేళ్ల గుర్రం. వ్యవహారం కోర్టుకెక్కింది, గెలుపు ఓర్లాండోకు దక్కింది.

మొదటి డర్బీ 1780 మే 4న జరిగింది. పరిగెత్తినవి 9 గుర్రాలు, దూరం ఒక మైలు, విజేత డయోమెడ్. 1784 నుంచి దూరం మైలున్నర అయింది, అంటే ఇప్పటి కొలతలో సుమారు 2,420 మీటర్లు. 12వ ఎర్ల్ ఆఫ్ డర్బీ పేరు మీద మొదలైన ఈ పందెం పేరే మన మలక్‌పేట డెక్కన్ డర్బీ దాకా వచ్చింది. ఎప్సమ్‌లో నేల చదునుగా ఉండదు. మొదట 40 మీటర్లకు పైగా ఎక్కాలి, ఆపైన టాటెన్‌హామ్ మలుపు దాకా దిగాలి. చివరి దారి కూడా ఒక పక్కకు వాలి ఉంటుంది. గుండె బలంతోపాటు కాళ్ల నిలకడా ఉండాలి.

2010లో వర్క్‌ఫోర్స్ ఈ దూరాన్ని 2 నిమిషాల 31.33 సెకన్లలో దాటింది. సగటున గంటకు 57 కిలోమీటర్లకు పైమాటే. అదే రికార్డు. మరి 1981లో 10 లెంగ్తుల తేడాతో, అంటే పది గుర్రాల పొడవు ఎడంతో గెలిచిన షెర్గార్? దానికి 2 నిమిషాల 44.21 సెకన్లు పట్టింది, దాదాపు 13 సెకన్లు ఎక్కువ. నేల మెత్తబడితే పరుగు నెమ్మదిస్తుంది. నన్నడిగితే, ఆ రోజు పక్కన పరిగెత్తినవాటితో పోల్చి చెప్పే తేడాయే గుర్రం సత్తాకు నమ్మకమైన కొలత. డర్బీ చరిత్రలో షెర్గార్ సాధించినంతటి తేడా మరొకటి లేదు.

1913లో గెలిచిన అబోయర్ పందెం ధర 100కి 1. ఆ ఏడాదిని ఆ అంకెతో గుర్తుపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన ఎమిలీ డేవిసన్ ఆ రోజే ట్రాక్ మీదికి వచ్చి, రాజుగారి గుర్రం ఢీకొని, నాలుగు రోజుల తర్వాత చనిపోయింది.

గుర్రానికి ఒకటే అవకాశం కాబట్టి గెలుపుల లెక్కలన్నీ మనుషుల పేరు మీదే ఉంటాయి. ట్రైనర్‌గా ఎయిడన్ ఓబ్రియన్ 2001 నుంచి 2025 వరకు 11 సార్లు గెలిచాడు. జాకీ లెస్టర్ పిగట్ 9 సార్లు: మొదటిది 18 ఏళ్ల వయసులో 1954లో, చివరిది 47 ఏళ్ల వయసులో 1983లో. 26 సార్లు చాంపియన్ జాకీ అయిన గోర్డన్ రిచర్డ్స్‌కు మాత్రం 49 ఏళ్లు వచ్చేదాకా డర్బీ అందలేదు. 1953లో, తన 28వ ప్రయత్నంలో, పింజా మీద గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన ఆరియోల్ యజమానికి అప్పటికి నాలుగు రోజుల ముందే కిరీటధారణ జరిగింది. ఆవిడ ఎలిజబెత్ రాణి. ఆ తర్వాత 69 ఏళ్లు రాణిగానే ఉన్నా డర్బీ ఆమెకు దక్కలేదు.