సముద్రము దాటిన గిటారు

అమెరికాలో కొన్ని యేండ్లు ఉద్యోగము చేసి, త్వరలో విశాఖపట్టణమునకో హైదరాబాదునకో మరలివచ్చి స్థిరపడదలచిన మనవాడొకడు, అచటి వాద్యముల యంగడిలో గోడపొడవునను వ్రేలాడుచున్న విద్యుత్ గిటారులను చూచి వానిలో నొకదానిపై మనసు పడెననుకొందము. వెల చెల్లించుటకు పూర్వమే అతనికొక సందేహము కలుగక మానదు. ఆ దేశపు గృహములలోని విద్యుత్తు 120 వోల్టులది, మనది 230 వోల్టులది. అచట ప్రవాహము సెకనుకు 60 మారులు ఆవర్తనము చెందును, ఇచట 50 మారులే. అట్టిచో అచట కొన్న వాద్యము ఇచట పలుకునా, లేక మొదటి దినముననే పొగలు గ్రక్కి మూగవోవునా? సందేహము సహేతుకమే కాని, దానిని గిటారుపై మోపుట న్యాయము కాదు. విద్యుత్ గిటారు గోడనుండి విద్యుత్తును గ్రహించు యంత్రము కాదు. వాయించువాని వ్రేళ్ల బలముచేత తానే స్వల్పమైన విద్యుత్తును పుట్టించు యంత్రము. ఈ సంగతి గ్రహించినవానికి ఏది కొనవలెనో, ఏది విడిచి రావలెనో సగము తేటపడును. తక్కిన సగము ఆ వాద్యము పుట్టి పెరిగిన చరిత్రలో నున్నది.

అయస్కాంత క్షేత్రము మారినప్పుడు దాపుననున్న తీగచుట్టలో విద్యుత్తు జనించునని మైకేల్ ఫారడే 1831లో నిరూపించెను. జలపాతముల దాపున మహాయంత్రములను త్రిప్పి పట్టణములకు వెలుగునిచ్చుచున్న సూత్రమే గిటారు తీగల క్రింద నొదిగియున్న పికప్పు అను చిన్న పెట్టెలోను పనిచేయుచున్నది. ఆ పెట్టెలో అయస్కాంతములును, వాని చుట్టును మిల్లీమీటరులో పదునారవ వంతు మందము గల రాగితీగ వేలకొలది చుట్లును ఉండును. పైనున్న ఉక్కుతీగ అయస్కాంత సాన్నిధ్యముచేత తానును కొంత అయస్కాంతత్వమును పొంది, మీటినప్పుడు కంపించుచు, చుట్టలోని క్షేత్రమును తన లయకు అనుగుణముగా హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఆ హెచ్చుతగ్గులే విద్యుత్తై వెలికి వచ్చును. అన్నిటికంటె లావైన తీగ సెకనుకు 82 మారులు కంపించినచో, విద్యుత్తును అన్ని మారులే ఊగును. దీని పరిమాణము సామాన్యముగా ఒక వోల్టునకు లోబడియే యుండును. నరపుతీగయు నైలాన్ తీగయు ఎంత ఇంపుగా మ్రోగినను ఈ యంత్రమునకు అవి లేనట్లే. గాలిలోని నాదమును అది వినదు, ఉక్కు కదలికను మాత్రమే కనిపెట్టును.

ఈ యేర్పాటును మొదట కోరినది హవాయి ద్వీపముల సంగీతము. 1920 ప్రాంతములందు అమెరికా దేశమంతయు ఆ సంగీతమునకు మోహపడి, గిటారును ఒడిలో పరుండబెట్టి తీగలపై ఉక్కుకడ్డీని జార్చుచు వాయించు పద్ధతిని ఆదరించెను. కాని బాకాలు డోళ్లు మ్రోయు నృత్యశాలలలో ఆ సుకుమార ధ్వని ముందు వరుసనైనను దాటలేకపోయెను. లాస్ ఏంజిలీస్ నగరమున జార్జి బోషాం అను వాద్యకారుడు, పనిముట్ల తయారీలో నారితేరిన అడాల్ఫ్ రికెన్‌బేకరుతో కలిసి, గుర్రపులాడమువంటి రెండు అయస్కాంతముల నడుమ తీగలను పోనిచ్చి, 1931లో ఒక నమూనాను సిద్ధపరచెను. మరుసటి యేడు విపణికెక్కిన ఆ వాద్యము గుండ్రని చిన్న దేహమును పొడవైన దండియు గలిగి యుండుటచేత జనులు దానికి ఫ్రయింగ్ పాన్ అని, అనగా వేపుడు పెనమని, పేరుపెట్టిరి. బోషాం 1934లో కోరిన పేటెంటు 1937లో గాని లభింపలేదు; ఆ లోపల ఇతరులు తమ తమ గిటారులను అమ్మకమునకు పెట్టనే పెట్టిరి. పెనమునకు మరియొక లోపము కూడ కలదు. అది పోతపోసిన అల్యూమినియముతో చేయబడినది; రంగస్థల దీపముల వేడికి లోహము వ్యాకోచించి శ్రుతి తప్పుచుండెను. తరువాతివారు కొయ్యను ఆశ్రయించుటకు ఇదియు నొక కారణమే. అయితే కొయ్యకు వేడి కంటె తేమ పెద్ద శత్రువు. ఆ ముచ్చట ముందు రానున్నది.

గిబ్సన్ సంస్థ 1936లో వెలువరించిన ఈఎస్-150 అను గిటారు లోపల బోలుగానుండిన వాద్యమే. 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందమున చేరిన చార్లీ క్రిస్టియన్ అను యువకుడు దానిని చేపట్టి, అంతవరకు వెనుక కూర్చుండి తాళము నిలుపుచుండిన గిటారును సాక్సఫోనుతో సమానముగా ముందునకు తెచ్చెను. అతడు 1942లో, ఇరువదియైదేండ్ల ప్రాయముననే, దివంగతుడయ్యెను. బోలు దేహమునకు గల చిక్కు ఏమనగా, ధ్వనిని పెంచినకొలది లౌడ్‌స్పీకరు నాదము గాలిలో వచ్చి గిటారు పెట్టెను కదిలించును, పెట్టె తీగను కదిలించును, ఆ కదలిక మరల లౌడ్‌స్పీకరున చేరును. ఇట్లు వలయము పూర్తియై సభనంతటిని చెవులు మూసికొనునట్లు చేయు కూత బయలుదేరును. బొబ్బిలి వీణను చేయువారు పనస మ్రానును దొలిచి కుండను ఎందుకు పలుచన చేయుదురో, సరిగా అందుకే ఇచట దానిని పూడ్చివేయవలసి వచ్చినది. పికప్పునకు కావలసినది తీగ కదలిక మాత్రమే గనుక కుండతో దానికి పనిలేదు. లెస్ పాల్ అను వాద్యకారుడు 1940 ప్రాంతమున ఒక దూలపు ముక్కకు దండిని, పికప్పులను బిగించి, చూచువారు నవ్వకుండుటకై బోలు గిటారు యొక్క రెండు ప్రక్కలను కోసి దానికి అతికించెనని చెప్పుదురు. గిబ్సన్‌వారు దానిని తొలుత అంగీకరింపలేదు. ఈ ఘనదేహము మన సంగీతమునకు పరాయిదని తలపనక్కరలేదు. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదు తీగల విద్యుత్ మాండలిన్‌పై గమకములను పలికించి, కర్ణాటక కచ్చేరీలలో దానికి పీటవేయించినది మనము ఎరిగినదే.

ప్రయాణికుని దృష్టితో చూచినచో ఈ చరిత్రలో నా మనసునకు మిక్కిలి నచ్చినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు మరమ్మతు చేయు అంగడి నడిపిన ఇతనికి గిటారు వాయించుట రాదు, రాకపోవుటయే మేలైనదేమో! వాద్యకారులు పవిత్రముగా భావించు విషయములను అతడు మరమ్మతుదారుని కంటితో చూచెను: ఏది చెడునో అది ఊడివచ్చునట్లుండవలెను. ఒక కొయ్య పలకను కోసి దేహము చేసి, మేపుల్ కొయ్య దండిని జిగురుతో అంటింపక నాలుగు మరలతో బిగించెను. 1950లో బ్రాడ్‌కాస్టర్ అను పేర వెలువడిన రెండు పికప్పుల వాద్యము, ఆ పేరు తమ డోళ్లకు ముందే కలదని గ్రెట్చ్ సంస్థవారు ఆక్షేపించుటచేత, 1951లో టెలికాస్టర్ అయ్యెను. 1954లో స్ట్రాటొకాస్టర్ వచ్చెను. నాలుగు మరలను విప్పినచో దండియొకచో, పలకయొకచో పెట్టెలో బట్టల నడుమ ఇముడును. 1952లో గిబ్సన్‌వారు లెస్ పాల్ పేరిట వెలువరించిన గిటారున దండి జిగురుతో శాశ్వతముగా అతుకబడినది. బిరడలుండు శిరోభాగము వెనుకకు వంగియుండుటచేత క్రిందపడినప్పుడు అచటనే విరుగుట కలదు. నాదము విషయమున ఎవరి రుచి వారిది. విమానమున సామాను దింపువారి చేతులపై నమ్మకము లేనివాడు మాత్రము మరలతో బిగించిన గిటారునే ఎన్నుకొనుట మంచిది.

ఇక గోడనంటియుండు భాగము యాంప్లిఫయరు. 120 వోల్టులకు మాత్రమే కట్టిన దానిని మన 230 వోల్టులకు తగిలించినచో క్షణకాలమున నాశనమగును. వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును నడుమ పెట్టుకొందునని కొందరందురు. అది వోల్టులను మార్చగలదు గాని ఆవృత్తిని మార్చలేదు. యాంప్లిఫయరు లోపల 60 ఆవృత్తులకు రూపొందించిన ట్రాన్స్‌ఫార్మరునకు అదే వోల్టేజిని 50 ఆవృత్తులతో ఇచ్చినచో దాని యినుప గుండెలో అయస్కాంత ప్రవాహము అయిదవ వంతు హెచ్చును. ఉదారముగా ఇనుము పోసి చేసినది తట్టుకొనును, పిసినారితనముతో చేసినది వేడెక్కును. పైగా వోల్టేజిని తగ్గించు ఆ ట్రాన్స్‌ఫార్మరు బరువు. కావున గిటారును అచట కొని, యాంప్లిఫయరును ఇంటికి వచ్చిన పిమ్మట కొనుటయే నా మతము. తప్పనిసరియైనచో వెనుక భాగమున రెండు వోల్టేజిలకును మీట యున్నదో లేదో, లేదా అడాప్టరుపై 100 నుండి 240 వోల్టుల వరకు అని ముద్రించియున్నదో లేదో చూచుకొనవలెను.

ఇంటింటి విద్యుత్తు గిటారున ప్రవేశించు దొడ్డిదారి యొకటి కలదు. పికప్పు చుట్ట ఉక్కుతీగ కదలికనే గాక చుట్టుప్రక్కల ట్రాన్స్‌ఫార్మరులు వెదజల్లు క్షేత్రమును కూడ పట్టి, ఎడతెగని ఝుంకారముగా వినిపించును. గిబ్సన్ సంస్థలోని సేథ్ లవర్ 1955లో దీనికొక ఉపాయము పన్నెను. పక్కపక్కనే రెండు చుట్టలనుంచి, ఒకదాని చుట్లను రెండవదానికి వ్యతిరేకదిశలో త్రిప్పి, అయస్కాంత ధ్రువములను కూడ తారుమారు చేసెను. బయటి క్షేత్రము రెండు చుట్టలలోను ఎదురెదురు ప్రవాహములను పుట్టించి తనను తానే రద్దు చేసికొనును. తీగ కదలిక మాత్రము రెండు మారులు వ్యతిక్రమింపబడి ఒకదానికొకటి కూడుకొనును. హంబకర్ అను పేర ప్రసిద్ధమైన ఈ పికప్పు ఏ దేశమునకైనను ఒక్కటే. ఒంటిచుట్ట పికప్పులవారికి మాత్రము స్వదేశమున ఝుంకారపు శ్రుతియే మారును: పాశ్చాత్య స్వరములలో 60 ఆవృత్తులు బి-ఫ్లాట్, బి స్వరముల నడుమ నుండగా, 50 ఆవృత్తులు జి స్వరమునకు దగ్గరగా నుండును.

ఇక కొయ్య సంగతి. దండిపై మెట్లను పొదుగు పలకకు చిరకాలము వాడబడినది రోజ్‌వుడ్. బ్రెజిల్ దేశపు జాతి అంతరించిపోవు స్థితికి రాగా 1992లో దాని అంతర్జాతీయ వాణిజ్యము నిషేధింపబడెను. మన అడవుల ఇరుగుడు కొయ్య అనేక గిటారులపై దాని స్థానమును ఆక్రమించినది గనుక, మనవాడు ఖండాంతరమున కొను గిటారు పలక దక్షిణ భారతపు అడవినుండి పోయినదై యుండవచ్చును. 2017 జనవరి 2 నుండి ఆ వృక్షజాతియంతటికిని అంతర్జాతీయ నియంత్రణ విధింపబడి వర్తకులు అనుమతి పత్రములకై నానాయాతన పడిరి. 2019 నవంబరు 26 నుండి తయారైన వాద్యములకు ఆ బాధ తొలగినది, బ్రెజిల్ జాతికి తప్ప. పాత గిటారులను మోజుపడి కొనువారు ఈ మినహాయింపును మరువరాదు.

చివరగా తేమ. ఉత్తర అమెరికాలో శీతకాలమున ఇండ్లను వేడిచేయుటచేత లోపలి గాలి మిక్కిలి పొడిబారి, కొయ్య కుదించుకొని, లోహపు మెట్ల కొనలు దండి అంచున చేతికి గ్రుచ్చుకొనును. అదే గిటారు శ్రావణమాసమున కాకినాడ చేరెనా, కొయ్య తేమను పీల్చి ఉబ్బును, దండి వంపు మారును. ఆరు తీగల బిగువు మొత్తముమీద దాదాపు 45 కిలోల వరకు నుండును గనుక ఆ దండి ఎల్లప్పుడును ఒక పోరాటములో నున్నట్లే. దానికి సాయముగా లోపల ఒక ఉక్కుకడ్డీని పొదిగి మరతో బిగించు పద్ధతికి గిబ్సన్ కర్మాగారపు థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంటు పొందెను. గిటారు కొనునప్పుడే ఆ కడ్డీకి సరిపడు తాళపుచెవిని అడిగి తీసికొనవలెను. ఇల్లు చేరిన వెంటనే దానిని త్రిప్పబోక, వాద్యమును కొన్ని దినములు ఇచటి గాలికి అలవాటు పడనిచ్చి, తీగలకును మెట్లకును నడుమ ఎడము పెరిగినచో కడ్డీని బిగించి, తరిగి తీగలు మెట్లకు తగిలి జరజరలాడినచో వదులు చేసి, ఏదైనను ఒక్కసారికి చుట్టులో నాలుగవ వంతుకు మించక, మరునాడు మరల చూచుకొనవలెను. తీగలు సముద్రపు గాలికి త్వరగా త్రుప్పుపట్టును. అవి ఇచటను దొరకును.