ఊరి పేర్ల అడవి

కెనడాలోని యూకాన్‌లో, అలాస్కా హైవే మీద వాట్సన్ లేక్ అనే చిన్న ఊరుంది. 1942లో ఆ రోడ్డు వేస్తున్నప్పుడు కార్ల్ లిండ్లీ అనే అమెరికన్ సైనికుడికి దారి బోర్డులు బాగుచేసే పని అప్పగించారు. ఇంటిమీద బెంగతో అతడు తన ఊరు డాన్‌విల్ పేరు, దూరం రాసి ఒక బోర్డు తగిలించాడు. తరువాత వచ్చినవాళ్లూ తమ ఊళ్ల పేర్లు చేర్చుతూ పోయారు. ఇప్పుడక్కడ బోర్డులు 80 వేలు దాటాయి.

వేసవిలో యాత్రికులు బోర్డులు కొడతారు, ఊళ్లోని వై లేక్ చుట్టూ నడుస్తూ పక్షులను చూస్తారు. చలికాలపు రాత్రుల్లో ధ్రువకాంతుల కోసం ఆకాశం వైపు చూస్తారు.

ఆ నేల కస్కా ప్రజలది. ఇన్ని ఊళ్ల పేర్లున్న చోట, వాళ్ల భాష మాట్లాడేవారు మాత్రం కొద్దిమందే మిగిలారు.

మన పిల్లలు వీధిలో చూసే బోర్డులు ఎక్కువగా కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. అవి చదవడం రావాల్సిందే. మరి తాతముత్తాతల ఊరి పేరు తెలుగులో రాయడం ఎంతమందికి వచ్చు? ఇంట్లో పెద్దలనడిగి ఆ పేరు తెలుసుకోమందాం. బడి నుంచి దూరం లెక్కగట్టించి, అట్టముక్క మీద రాయించి, తరగతి గోడకు తగిలిద్దాం. పాత ఊరు తెలియని పిల్లలు ఇప్పుడున్న ఊరి పేరే తెలుగులో రాస్తారు. అదీ మన ఊరే.