తన సేనకే అడ్డు నిలిచిన వైమానికుడు

ధృతరాష్ట్రుని నూర్గురు కొడుకులలో, నిండుసభలో ద్రౌపది పక్షమున నోరు విప్పినవాడు వికర్ణుడొక్కడే. ఆ ఘట్టము పాఠము చెప్పునపుడెల్ల విద్యార్థులకు నేనొక అమెరికా సైనికుని కథ గూడ చెప్పుచుందును. వికర్ణుడు మాటతో నిలిచెను. ఇతడు హెలికాప్టరుతో నిలిచెను.

అతని పేరు హ్యూ థాంప్సన్. 1968 మార్చి 16 ఉదయము, దక్షిణ వియత్నాములోని మైలాయ్ పల్లెపై చిన్న హెలికాప్టరు నడుపుచుండెను. అప్పటి కతనికి ఇరువదియైదేండ్లు నిండలేదు. తోడు ఇద్దరే: గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్‌బర్న్. దాగియున్న శత్రువులను కనిపెట్టుట వారి పని. కాని ఆ పల్లెలో ఎదిరించు శత్రుసేన లేదు. అయినను క్రింద శవములు పెరుగుచుండెను. వృద్ధులు, స్త్రీలు, పసివారు!

గాయపడినవారికి వైద్యసహాయ మందునని తలచి, వారున్న తావులను థాంప్సన్ ఆకుపచ్చని పొగతో గుర్తించెను. మరల వచ్చి చూచునప్పటికి వారు చంపబడియుండిరి. ఒక కాలువలో శవములు గుట్టలు పడియుండెను. దిగి, అచ్చటి అధికారి లెఫ్టినెంట్ క్యాలీని నిలదీసెను. ఫలము లేకపోయెను.

అంతలో, తలదాచుకొనుటకై తవ్వుకొన్న నేలగుంతలోనికి కొందరు గ్రామస్థులు పరుగిడుచుండిరి. వారి వెనుక అమెరికా సైనికులు. థాంప్సన్ ఆ యిరువురి నడుమ హెలికాప్టరును దించెను. మనవారు ఈ జనముపై కాల్పులు జరిపినచో మనవారినే కాల్చుడని తోడివారి కాజ్ఞాపించెను. ఆజ్ఞకు తలయొగ్గుటయే సైనికునికి నేర్పు మొదటి పాఠము. ఆ పాఠమును మరచి అట్టి మాట పలుకుటకు ఎంత గుండె కావలెనో చదువరులు యోచింతురుగాక! తానొక్కడే గుంతకడకు నడచి, పదిమంది వరకు జనులను సైగలతో వెలుపలికి పిలిచెను. తన యంత్రములో వారికి చోటు లేదు. తోడుగా ఎగురుచున్న పెద్ద హెలికాప్టర్లను దింపించి వారిని దాటించెను. పిదప ఆండ్రియోటా కాలువలోనికి దిగి, శవముల నడుమ ప్రాణముతోనున్న బిడ్డ నొకనిని ఎత్తుకొని వచ్చెను. ఆ బిడ్డను క్వాంగ్ న్గాయ్ ఆసుపత్రికి చేర్చిరి. థాంప్సన్ పై అధికారులకు జరిగినది మొరపెట్టిన పిమ్మటనే కాల్పు లాపుడను ఉత్తర్వు వెలువడెను.

ఆనాటి మృతులు 504 మందియని వియత్నాము లెక్క. 347 మందియని అమెరికా లెక్క. ఆండ్రియోటా మూడు వారములు దాటిన కొలదిదినములకే యుద్ధములో కూలెను. థాంప్సన్‌కు ఒక పతకమిచ్చిరి గాని, దాని ప్రశంసాపత్రములో అసత్యము వ్రాసిరి; అతడు దానిని పారవైచెను. శిక్షింపవలసినవా డతడేయని శాసనసభ్యుడొకడు పలికెను. శిక్షపడిన క్యాలీయో, యావజ్జీవ శిక్షకు మారుగా మూడున్నరేండ్ల నిర్బంధముతో బయటపడెను, అందును పెక్కుకాలము తన యింటిలోనే.

1998లో ముగ్గురికిని సోల్జర్స్ మెడల్ ఇచ్చిరి. శత్రువుతోడి పోరుకు సంబంధింపని సాహసమున కిచ్చు పతకమది! ఆ మాసముననే థాంప్సన్, కోల్‌బర్న్‌లు మైలాయ్‌కి మరల వెళ్లిరి. ఆనాడు బ్రతికిన స్త్రీ యొకతె, కాల్చినవారును మీతో ఏల రాలేదని అడిగెను. వచ్చినచో వారిని క్షమించియుందుమనెను. తన కంతటి ఔదార్యము లేదని థాంప్సన్ పిమ్మట చెప్పుకొనెను.